అక్క గెలిస్తే చెల్లెకు కోపం, చెల్లె గెలిస్తే ఇంట్లో పంచాయితీ

పోయిన నెల ఈ శీర్షికలో, ఒకే ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు ఒకే ఆట ఆడితే ఎట్లా ఉంటుందో నాలుగు ముక్కలు రాశాను. దానికి నల్లగొండ నుంచి, పాలమూరు వైపు నుంచి ఇన్ని ఉత్తరాలు వస్తాయని మాత్రం అనుకోలేదు. సగం ఉత్తరాల్లో అడిగింది అమెరికా టెన్నిస్ అక్కచెల్లెళ్ళు వీనస్, సెరీనా విలియమ్స్‌ల గురించే, మిగతా సగం సొంత ఇంటి గొడవలు. రెండూ కలిపే జవాబు రాస్తున్నాను, ఎందుకంటే నాకు అవి రెండూ వేరు వేరుగా కనిపించలేదు.

ప్రశ్న: మేడం, నాకు ఇద్దరు బిడ్డలు. పెద్దది పది, చిన్నది ఎనిమిది చదువుతున్నారు, ఇద్దరూ టెన్నిస్ ఆడుతారు. దసరా సెలవుల్లో పెట్టిన చిన్న టోర్నమెంటులో సెమీస్‌లో ఇద్దరికిద్దరే ఎదురుపడ్డారు. పొద్దున టిఫిన్ దగ్గర పెద్దదానితో "చిన్నది కదా, జర చూసి ఆడు" అన్నాను. అది నిజంగానే చూసి ఆడింది, ఓడిపోయింది. చిన్నది ఫైనల్ కూడా గెలిచింది కానీ ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు, అక్కతో అసలే లేదు. కప్పును షెల్ఫులో పెట్టనియ్యడం లేదు, మంచం కింద తోసేసింది. నేను చేసిన తప్పేంటి? — ఒక తల్లి, నల్లగొండ

జవాబు: అమ్మా, ఆ "జర చూసి ఆడు" అన్న మాటే. మీరు మంచికే అన్నారు, నాకు తెలుసు, నేను కూడా ఒకప్పుడు అదే పని చేసి తిట్లు తిన్నాను.

మా చిన్నప్పుడు మా ఊళ్ళో టెన్నిస్ బ్యాటు ఎవరు చూశారు, రింగు ఆట ఉండేది, టెన్నికాయిట్ అంటారు, రబ్బరు రింగు, రెండు గుంజలు, మధ్యన నెట్ బదులు మా నాయిన పశువులకు కట్టే పగ్గం. నాకన్నా మూడేళ్ళు చిన్నదైన మా చెల్లె రోజూ ఓడి రోజూ ఏడ్చేది. ఒక రోజు అమ్మ కసిరితే నేను కావాలనే రెండు మూడు రింగులు పట్టకుండా వదిలేశాను. చివరి రింగు నా చేతికి తగిలి కింద పడ్డది. గెలిచింది కదా ఎగురుతుందనుకుంటే నా మొహం వంక చూసింది, రింగు తీసుకుంది, నేరుగా పోయి పక్కింటోళ్ళ బావిలో పడేసి ఇంట్లోకి పోయింది. ఆ రింగు కోసం నాయినతో నేను తిన్న తిట్లు వేరే సంగతి. ఆటలో వదిలేసినట్టు ఎదుటివాళ్ళకు తెలియదనుకుంటాం, ఆడేవాళ్ళకు తెలుస్తుంది, చెయ్యి ఎక్కడి దాకా వచ్చి ఆగిందో వాళ్ళకు కనపడుతుంది.

ఇప్పుడు విలియమ్స్ ఇంటి సంగతి వినండి. సెరీనా తానే చెప్పుకున్న కథ ఇది. ఆమెకు ఎనిమిదేళ్ళ వయసప్పుడు పిల్లల టోర్నమెంటు ఒకటి వచ్చింది, నాన్న రిచర్డ్ వీనస్ పేరు మాత్రమే ఇచ్చాడు. ఈ చిన్నది ఎవరికీ చెప్పకుండా తనే ఫారం నింపి పంపించి, గెలుచుకుంటూ పోయి ఫైనల్‌లో అక్క ముందు నిలబడింది. వీనస్ ఏమీ వదలలేదు, ఓడించింది. తర్వాత ఇంట్లో చెల్లె మొహం చూసి, నాకు బంగారు రంగు కన్నా వెండి రంగే ఇష్టం, కప్పులు మార్చుకుందామా అని అడిగి తన కప్పు ఇచ్చేసింది.

ఇక్కడ ఏది ముందు, ఏది తర్వాత అన్నది చూడండి. వీనస్ ముందు గెలిచింది, తర్వాత కప్పు ఇచ్చింది. మీ పెద్దమ్మాయి చేత మీరు ఆటను ఇప్పించారు, అందుకే చిన్నది ఆ కప్పును మంచం కిందికి తోసింది, అది తను గెలిచినది కాదని దానికి తెలుసు. ఫైనల్ సొంతంగా గెలిచినా సరే, ఆ సెమీస్ ముల్లు లోపల ఉండిపోయింది.

పెద్దయ్యాక కూడా వాళ్ళు ఇట్లాగే ఉన్నారు. 2000లో వింబుల్డన్ సెమీస్‌లో ఇద్దరూ ఎదురుపడ్డారు, వీనస్‌కు 20, సెరీనాకు 18. వీనస్ 6-2, 7-6తో గెలిచింది, మ్యాచ్ పాయింట్ దగ్గర సెరీనా డబుల్ ఫాల్ట్ చేసింది, అంటే రెండు సర్వ్‌లూ తప్పు వేసింది. వింబుల్డన్‌లో మొదటిసారి ఫైనల్‌కు పోతున్న మనిషి వీనస్ ఎగరలేదు, దుంకలేదు, నెట్ దగ్గరికి వచ్చి చెల్లె భుజం మీద చెయ్యి వేసి బయటికి తీసుకుపోయింది. తర్వాత ఫైనల్‌లో లిండ్సే డావెన్‌పోర్ట్‌ను ఓడించి తన మొదటి గ్రాండ్‌స్లామ్ (ఏడాదికి నాలుగే ఉండే పెద్ద టోర్నమెంట్లు) సింగిల్స్ టైటిల్ కొట్టింది. సెమీస్‌లో చెల్లె కోసం చెయ్యి వెనక్కి తీసుకుని ఉంటే ఆ కప్పు ఎక్కడిది?

మీరు చేయాల్సింది పెద్దగా లేదు. పెద్దమ్మాయితోనే చెల్లెకు సారీ చెప్పించండి, "ఓడిపోయినందుకు" కాదు, "నిజంగా ఆడనందుకు" అని. ఒక ఆదివారం పొద్దున ఆరు గంటలకు ఇద్దరూ కోర్టుకు పోయి మళ్ళీ ఒక మ్యాచ్ ఆడుకోనివ్వండి, స్కోరు వాళ్ళే లెక్కపెట్టుకుంటారు. మీరు మాత్రం పోకండి, ఇంటికి వచ్చాక ఎవరు గెలిచారని అడగను కూడా వద్దు. ఉప్మా చేసి పెట్టండి చాలు.

ప్రశ్న: వీనస్, సెరీనా ఆడుతుంటే మా నాన్న టీవీ కట్టేసేవాడు, "ఇద్దరూ ముందే మాట్లాడుకుని వచ్చారు" అని. నిజంగానే వాళ్ళ మ్యాచులు చప్పగా ఉండేవి కదా? — మిర్యాలగూడ

జవాబు: కొన్ని చప్పగానే ఉండేవి, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఆ ఫైనల్స్ కొన్నింటిలో తప్పులు లెక్కపెడితే మనమే ఆడొచ్చేమో అనిపించేది. కానీ దానికి మాట్లాడుకుని రానక్కర్లేదు. ఇద్దరూ కాలిఫోర్నియాలో కాంప్టన్ అనే ఊళ్ళో ఒకే పబ్లిక్ కోర్టు మీద ఒకే నాన్న దగ్గర నేర్చుకున్నవాళ్ళు. అక్క సర్వ్ వేసే ముందు బంతిని ఏ పక్కకు ఎగరేస్తే అది ఎటు వస్తుందో చెల్లెకు ఏడేళ్ళ వయసు నుంచి తెలుసు. ఇద్దరి బలమూ పెద్ద సర్వ్, దాని తర్వాత మొదటి బంతికే దెబ్బ. ఎదుటి మనిషికి ముందే తెలిసిపోతే ఆ దెబ్బ పని చేయదు, ఇంకా గట్టిగా, ఇంకా గీత దగ్గరికి కొట్టాలని చూస్తారు, బంతి బయటికి పోతుంది. దానికి తోడు మనసు. ఊళ్ళో తోడికోడళ్ళు ముగ్గుల పోటీకి పోతేనే చేతులు వణుకుతాయి, ఇది ప్రపంచం చూసే మ్యాచ్.

లెక్క కావాలంటే ఇదిగో. మొదటిసారి 1998 ఆస్ట్రేలియన్ ఓపెన్ రెండో రౌండ్, వీనస్ గెలిచింది. చివరిసారి 2020 ఆగస్టు, అమెరికాలో లెక్సింగ్టన్, సెరీనా గెలిచింది. మొత్తం 31 మ్యాచులు, సెరీనా 19, వీనస్ 12. గ్రాండ్‌స్లామ్ ఫైనల్‌లోనే తొమ్మిదిసార్లు ఎదురుపడితే ఏడు చెల్లెవి, రెండు అక్కవి. ముందే మాట్లాడుకునేవాళ్ళయితే ఏ అక్క అయినా ఏడు ఫైనల్స్ వదులుకుంటుందా, మీ నాన్నను అడిగి రాయండి.

ప్రశ్న: ఇండియన్ వెల్స్ గొడవ అంటారు కదా, అసలేం జరిగింది? నేను డిగ్రీ చదువుతున్నాను, మా హాస్టల్లో దీని మీద పందెం నడుస్తోంది. — మహబూబ్‌నగర్

జవాబు: పందెం ఎంతకు కట్టావో రాయలేదు నాయినా.

2001 మార్చి. కాలిఫోర్నియాలో ఇండియన్ వెల్స్ అనే చోట పెద్ద టోర్నమెంటు, సెమీస్‌లో అక్కచెల్లెళ్ళు ఆడాలి. టికెట్లు కొన్న జనం వచ్చి కూర్చున్నారు. మ్యాచ్ ఇంక కొద్ది నిమిషాలకు మొదలవుతుందనగా వీనస్ మోకాలి నొప్పితో తప్పుకుందని ప్రకటించారు. అంతకు ముందు రౌండులో వీనస్ చేతిలో ఓడిన ఎలెనా డిమెంటియేవాను సెమీస్‌లో ఎవరు గెలుస్తారని అడిగితే రిచర్డ్ ఎవరంటే వాళ్ళే గెలుస్తారన్నట్టు ఒక మాట అన్నది, తర్వాత అది జోకు అన్నది. ఎండలో కూర్చున్న జనానికి ఆ రెండూ కలిసి కనిపించాయి. అంతే, కుదిరిపోయింది కథ.

ఫైనల్ రోజు సెరీనా ఒక్కతే కోర్టులోకి వస్తే జనం బూ అని అరిచారు. నాన్న, అక్క మెట్లు దిగి కుర్చీల దగ్గరికి వస్తుంటే ఇంకా గట్టిగా అరిచారు. ఎదుట ఉన్నది బెల్జియం అమ్మాయి కిమ్ క్లైస్టర్స్, అప్పటికి 17 ఏళ్ళు, ఆమెకు ఈ గొడవతో సంబంధమే లేదు. సెరీనా డబుల్ ఫాల్ట్ చేస్తే చప్పట్లు. 19 ఏళ్ళ పిల్ల మొదటి సెట్ పోగొట్టుకుని 4-6, 6-4, 6-2తో గెలిచింది. జనంలోంచి తమ రంగును తిట్టిన మాటలు వినపడ్డాయని రిచర్డ్ తర్వాత చెప్పాడు. వీనస్ తన నొప్పి సంగతి ముందుగానే చెప్పిందని, ప్రకటించడంలోనే ఆలస్యం జరిగిందని సెరీనా తర్వాత రాసింది. మ్యాచ్ ముందే నిర్ణయించుకున్నారని ఎవరూ రుజువు చేయలేదు.

అక్కచెల్లెళ్ళు ఆ ఊరి మొహం చూడలేదు, సెరీనా 2015 దాకా, వీనస్ 2016 దాకా. ఆ ఏళ్ళన్నీ చేజేతులా వదులుకున్న పాయింట్లు, డబ్బు ఎంతో లెక్కేసుకో. ఇక్కడ క్రీడాస్ఫూర్తి తప్పింది ఎవరని మీ పందెం అయితే, నా ఓటు కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ మీద. టికెట్ డబ్బు పోయిందని కోపం రావడం న్యాయమే, అది నిర్వాహకుల మీద చూపించాలి కానీ ఆ రోజు ఆడటానికి వచ్చిన పిల్ల మీద కాదు.

తోక ఒకటి ఉంది. 2018లో అదే ఇండియన్ వెల్స్‌లో, మూడో రౌండులో, ఆగిపోయిన మ్యాచ్ పదిహేడేళ్ళకు ఆడినట్టు ఇద్దరూ మళ్ళీ ఎదురుపడ్డారు. సెరీనా పాపను కని అప్పుడే తిరిగి వచ్చింది. వీనస్ 6-3, 6-4తో ఓడించింది, పసిబిడ్డ తల్లి కదా అని కూడా వదలలేదు.

ప్రశ్న: మా అమ్మాయి అండర్-14 ఆడుతుంది. మొరం కోర్టు, అంపైర్ ఉండడు. ఎదుటి పిల్లలు గీత మీద పడ్డ బంతిని కూడా అవుట్ అంటారు. మా అమ్మాయి నోరు మెదపదు, అవుట్ పడ్డది కూడా ఇన్ అని ఇచ్చేస్తుంది. అది కూడా అబద్ధం చెప్పాలా ఏంది? — ఒక తండ్రి, సూర్యాపేట

జవాబు: అబద్ధం వద్దు, నోరు మాత్రం కావాలి.

రూలు మీకు తెలిసే ఉంటుంది, అయినా చెప్తాను. అంపైర్ లేనప్పుడు ఎవరి పక్క పడ్డ బంతి వాళ్ళే చెప్పాలి. గీతకు వెంట్రుకవాసి తగిలినా ఇన్. అనుమానం వచ్చిందంటే పాయింట్ ఎదుటివాళ్ళది. చెప్పేది వెంటనే, గట్టిగా, ఎదుటివాళ్ళకు వినపడేటట్టు చెప్పాలి. మొరం, మట్టి కోర్టుల్లో ఇంకొకటి ఉంటుంది, బంతి పడ్డ చోట గుర్తు. అనుమానం ఉంటే పోయి గుర్తు చూపించమని అడగొచ్చు, అది మీ అమ్మాయి హక్కు. ఎదుటి పిల్ల ఆ గుర్తును బూటుతో చెరిపేసిందనుకోండి, పాయింట్ వదులుకున్నట్టే లెక్క.

ఈ చెరపడం మీద 2023 జూలైలో పెద్ద రగడ అయింది. బుడాపెస్ట్‌లో మట్టి కోర్టు, చైనా ప్లేయర్ జాంగ్ షువాయ్, ఆ ఊరి అమ్మాయి అమారిస్సా టోత్. మొదటి సెట్ 5-5 దగ్గర జాంగ్ కొట్టిన బంతిని అవుట్ అన్నారు, ఆమె గుర్తు చూపించి గీతకు తగిలిందని మొత్తుకుంది. అంపైర్ మాట మార్చలేదు. వాదన నడుస్తుండగానే టోత్ పోయి ఆ గుర్తును కాలితో తుడిచేసింది. జాంగ్ "ఆగు, ఆగు" అని అరుస్తూనే ఉంది. కాసేపటికి ఆమెకు ఊపిరి ఆడక, ఏడుస్తూ మ్యాచ్ వదిలేసి పోయింది. టోత్ రెండు చేతులూ పైకెత్తి గెలిచానని సంబరం చేసుకుంది. తోటి ప్లేయర్లు దుమ్మెత్తి పోశాక క్షమాపణ చెప్పింది. ఆ మ్యాచ్ ఎవరు గెలిచారో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు, బూటు మాత్రం అందరికీ గుర్తుంది.

నోరు తెరిచి చెప్పకపోవడం కూడా ఆటే అనుకునేవాళ్ళు పైస్థాయిలోనూ ఉన్నారు. 2003 ఫ్రెంచ్ ఓపెన్ సెమీస్‌లో సెరీనా మూడో సెట్‌లో 4-2 ముందుంది, సర్వ్ వేయబోతుంటే అవతల బెల్జియం ప్లేయర్ జస్టిన్ ఎనాఁ ఆగమన్నట్టు చెయ్యి ఎత్తింది. ఆ తడబాటులో సర్వ్ నెట్‌లో పడ్డది. అంపైర్ చెయ్యి చూడలేదు. నేనే ఆగమన్నాను అని ఎనాఁ ఒక్క మాట చెబితే సెరీనాకు మొదటి సర్వ్ మళ్ళీ దొరికేది. చెప్పలేదు. ఎనాఁ ఆ సెట్ 7-5తో గెలిచి, తర్వాత టైటిల్ కూడా కొట్టింది. రూలు ప్రకారం ఆమెను పట్టుకునేదేమీ లేదు, కానీ చూసినవాళ్ళు ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఆ చేతి గురించే మాట్లాడుతారు.

మీ అమ్మాయికి ఇంట్లో గట్టిగా "అవుట్" అనడం ప్రాక్టీస్ చేయించండి. నవ్వకండి, నిజంగానే చెప్తున్నాను. మా స్కూల్లో ఆడపిల్లలకు ఆట కన్నా ముందు గొంతు నేర్పించాల్సి వచ్చేది, "గట్టిగా నవ్వకు, గట్టిగా మాట్లాడకు" అని మనమే పెంచి, కోర్టులోకి పోగానే అరవమంటే ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రశ్న: క్రీడాస్ఫూర్తి అని ఊరికే సెరీనా పేరు చెప్తారు. 2018లో అంపైర్‌ను దొంగ అన్నది ఎవరు? — వనపర్తి

జవాబు: ఆమే అన్నది. నేను ఆమెను దేవతను చేసి ఎక్కడా రాయలేదు.

యూఎస్ ఓపెన్ ఫైనల్, ఎదుట జపాన్ అమ్మాయి నవోమి ఒసాకా, 20 ఏళ్ళు. కోచ్ స్టాండ్స్ నుంచి సైగ చేశాడని అంపైర్ కార్లోస్ రామోస్ మొదటి హెచ్చరిక ఇచ్చాడు. సైగ చేశానని కోచ్ తర్వాత ఒప్పుకున్నాడు, సెరీనా మాత్రం నేను మోసం చేసి గెలిచే మనిషిని కానని వాదించింది. తర్వాత రాకెట్ నేలకేసి కొట్టినందుకు ఒక పాయింట్ పోయింది. ఆ తర్వాత అంపైర్‌ను దొంగ అన్నందుకు ఏకంగా ఒక గేమ్ పోయింది, ఒసాకా ఆధిక్యం 4-3 కాస్తా 5-3 అయింది. ఒసాకా 6-2, 6-4తో గెలిచింది. సెరీనాకు 17,000 డాలర్ల జరిమానా పడింది. అంతకు ముందు 2009లో కూడా అక్కడే ఫుట్ ఫాల్ట్ (సర్వ్ వేసేటప్పుడు గీత తొక్కడం) ఇచ్చిన లైన్ జడ్జి మీదికి పోయి, మ్యాచ్ పాయింట్ దగ్గర పెనాల్టీ పడి ఓడిన చరిత్ర ఉంది. మగవాళ్ళు ఇంతకన్నా ఎక్కువ తిట్టినా వదిలేస్తారని ఆమె అన్న మాటలో కొంత నిజం ఉంది. అయినా ఆ రోజు తప్పు తప్పే.

కానీ బహుమతులు ఇచ్చేటప్పుడు జనం బూ అంటుంటే జీవితంలో మొదటి గ్రాండ్‌స్లామ్ గెలిచిన పిల్ల టోపీ కిందికి లాక్కుని ఏడ్చింది. అప్పుడు ఆమె భుజం మీద చెయ్యి వేసి, ఇక బూ అనకండి, ఆమె బాగా ఆడింది అని జనాన్ని ఆపింది కూడా ఈ సెరీనానే. పద్దెనిమిదేళ్ళప్పుడు వింబుల్డన్‌లో అక్క తన భుజం మీద వేసిన చెయ్యి ఉంది చూడండి, నాకు అదే గుర్తొచ్చింది. ఒకే మనిషిలో రెండూ ఉంటాయి, మీలోనూ ఉంటాయి, మీ వీధి క్రికెట్ ఆడినవాళ్ళను అడిగితే చెప్తారు.

ప్రశ్న: టెన్నిస్‌లో అక్కచెల్లెళ్ళ పోటీ వీళ్ళతోనే మొదలైందా? — ఆలేరు

జవాబు: లేదు, ఆడవాళ్ళ వింబుల్డన్ మొదలైందే అక్కచెల్లెళ్ళ ఫైనల్‌తో. 1884లో ఆడవాళ్ళ సింగిల్స్ మొదటిసారి పెడితే 13 మంది పేర్లిచ్చారు, ఫైనల్‌లో మాడ్ వాట్సన్ తన అక్క లిలియన్‌ను 6-8, 6-3, 6-3తో ఓడించింది. తర్వాత బల్గేరియాలో మలీవా అక్కచెల్లెళ్ళు ముగ్గురు, మాన్యులా, కాటరీనా, మాగ్దలేనా, ముగ్గురూ ప్రపంచ టాప్ 10లోకి వచ్చారు, నేర్పింది వాళ్ళమ్మే. ఒక ఇంట్లో ముగ్గురు! మనకు ఇద్దరితోనే మంచం కింద కప్పులు.

ప్రశ్న: విలియమ్స్ అక్కచెల్లెళ్ళు మన దేశంలో ఎప్పుడైనా ఆడారా? — జడ్చర్ల

జవాబు: ఆడారు, మీ ఊరి పక్క నుంచి పోయే హైవే మీద నేరుగా పోతే వచ్చే బెంగళూరులోనే. 2008 మార్చి, కబ్బన్ పార్కులో ఉన్న స్టేడియం, సెమీస్‌లో ఇద్దరూ ఎదురుపడ్డారు. సెరీనా 6-3, 3-6, 7-6తో గెలిచి, తర్వాత టైటిల్ కూడా తీసుకుపోయింది. చప్పటి మ్యాచులని పైన ఒకరు రాశారు కదా, ఇది కాదు. జడ్చర్లలో రాత్రి బస్సెక్కితే పొద్దునకు దిగేవాళ్ళం, నాకు అప్పుడు పదో తరగతి పరీక్షల డ్యూటీ పడి పోలేకపోయాను, ఇప్పటికీ బాధే.

ఇంకో ముక్క. 2005లో హైదరాబాద్‌లో మన సానియా మీర్జా డబ్ల్యూటీఏ (ఆడవాళ్ళ ప్రపంచ టెన్నిస్ టూర్) సింగిల్స్ టైటిల్ కొట్టింది, భారత ఆడవాళ్ళలో అదే మొదటిది. ఫైనల్‌లో ఓడిన ఉక్రెయిన్ అమ్మాయి అల్యోనా బొండరెంకో, 2008లో తన చెల్లె కాటరీనాతో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచింది.

ప్రశ్న: టీచర్, నాకు 17 ఏళ్ళు. మా చెల్లెకు నేనే బ్యాట్ పట్టడం నేర్పించాను. ఇప్పుడు అది నన్ను ఓడిస్తోంది. ఇంటికి ఎవరొచ్చినా "చిన్నది పెద్దదాన్ని దాటేసింది" అంటారు. అది గెలిచినప్పుడు చప్పట్లు కొడతాను కానీ కడుపులో మండుతుంది. పోయినసారి దాని సర్వ్ నెట్‌కు తగిలితే లోపల సంతోషం వేసింది. నేను చెడ్డదాన్నా? దీనికన్నా ఆట మానేస్తే నయం అనిపిస్తోంది. — దేవరకొండ

జవాబు: బిడ్డా, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

నువ్వు చెడ్డదానివైతే ఇది రాయవు. మంట వస్తుంది. రాకపోతే నువ్వు ఆటను సీరియస్‌గా తీసుకోలేదని అర్థం. చెల్లె సర్వ్ నెట్‌కు తగిలితే సంతోషం వేసిందన్నావు, ఎదుట ఎవరు ఆడుతున్నా వేస్తుంది, అది ఆట. ఎదురుగా ఉన్నది చెల్లె కాబట్టి నీకు సిగ్గేసింది, అంతే.

వీనస్ కథ చాలామంది సెరీనా వైపు నుంచి చెప్తారు, నువ్వు అక్క వైపు నుంచి విను. పుట్టినప్పటి నుంచి అందరూ వీనస్ చాంపియన్ అవుతుందన్నారు. కానీ ఇంట్లో మొదటి గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ కొట్టింది చిన్నది, 1999 యూఎస్ ఓపెన్, అప్పటికి ఆమెకు నీ వయసే, 17. వీనస్ సెమీస్‌లో ఓడి, స్టాండ్స్‌లో కూర్చుని చెల్లె ఫైనల్ చూసింది. ఆ రోజు ఆమె మొహం చూసినవాళ్ళెవరూ సంతోషంగా ఉందని రాయలేదు. మండింది. మండినా మానలేదు, మరుసటి ఏడాదే వింబుల్డన్ గెలిచింది.

2002లో ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ చెల్లె చేతిలో ఓడింది. బహుమతి ఇస్తుంటే ఫొటోగ్రాఫర్లందరూ కింద వరుసగా నిలబడ్డారు కదా, వీనస్ అమ్మ దగ్గర కెమెరా తీసుకుని పోయి ఆ ఫొటోగ్రాఫర్ల మధ్యన నిలబడి కప్పు పట్టుకున్న చెల్లెను ఫొటో తీసింది. అదీ ఓడిన కాసేపటికే. కడుపులో మండలేదని నేను అనను. మండుతుండగానే ఫొటో తీసింది, అందుకే నాకు ఆ ఫొటో సంగతి ఇష్టం. ఆ ఏడాదీ, పై ఏడాది మొదట్లోనూ వరసగా ఇంకో మూడు గ్రాండ్‌స్లామ్ ఫైనల్స్ అదే చెల్లె చేతిలో పోయాయి. నీకు అప్పుడే మానేయాలనిపించింది!

2008లో, వింబుల్డన్ ఫైనల్‌లో, ఆ చెల్లెనే 7-5, 6-4తో ఓడించింది. అదే రోజు సాయంత్రం ఇద్దరూ ఒక పక్కన నిలబడి డబుల్స్ ఫైనల్ ఆడి అదీ గెలిచారు. మధ్యాహ్నం ఒకరి మీద ఒకరు, సాయంత్రం ఒకే పక్క. డబుల్స్‌లో వాళ్ళిద్దరూ కలిసి 14 గ్రాండ్‌స్లామ్ ఫైనల్స్ ఆడి పద్నాలుగూ గెలిచారు, మూడు ఒలింపిక్ బంగారు పతకాలు వేరే. సింగిల్స్‌లో చివరికి చెల్లెకు 23, అక్కకు 7. ఏడు గ్రాండ్‌స్లామ్‌లంటే ఇంకే ఇంట్లో అయినా గుడి కడతారు, ఆ ఇంట్లో మాత్రం రెండో స్థానం.

ఇంటికి వచ్చేవాళ్ళ మాటలు నేను ఆపలేను, మీ అమ్మానాన్నలు ఆపాలి, ఈ పేజీ వాళ్ళకు కనపడేటట్టు టీవీ దగ్గర పెట్టు. మళ్ళీ ఎవరైనా "దాటేసింది" అంటే, "నేర్పించింది నేనే కదా, దాటకపోతే నా పరువు పోయేది" అను. నవ్వుతూ అను, లేకపోతే ఇంకో పంచాయితీ.

ఇక వచ్చే టోర్నమెంటుకు ఇద్దరూ కలిసి డబుల్స్‌కు పేరివ్వండి. ఎడమ పక్క ఎవరు నిలబడాలన్న దాని మీద మాత్రం పేరిచ్చే ముందే కొట్లాడుకోండి, నువ్వు పెద్దదానివని తీసుకోకు, బ్యాక్‌హ్యాండ్ ఎవరిది బాగుంటే వాళ్ళకివ్వు. తెగకపోతే మళ్ళీ రాయి, ఈసారి ఇద్దరూ సంతకం పెట్టి.